విరిగే దాకా ముట్టుకోకూడదు

మా ఇంట్లో పుట్టిన పిల్లలకి పాలకంటే ముందు స్క్రూడ్రైవర్ ఇస్తారని వీధిలో చెప్పుకుంటారు. అది అతిశయోక్తి. పాలు పట్టాకే ఇస్తారు.

మా నాన్న మరమ్మతుల మేస్త్రీ. కింద షాపు, పైన ఇల్లు. ఫ్యాన్లు, మిక్సీలు, నీళ్ళ మోటార్లు, కుట్టుమిషన్లు, కదలాల్సింది ఏదైనా సరే, కదలడం మానేస్తే మా మెట్ల దగ్గరికి వస్తుంది. ఆయన చేతి మహిమ గురించి నేను చెప్తే కోతలంటారు కాబట్టి ఒక్క ముక్కతో సరిపెడతాను. ఆయన బాగుచేసిన ఫ్యాను కింద పడుకున్న ఒకాయన దుప్పటి తెల్లారేసరికి రెండు వీధుల అవతల కరెంటు తీగ మీద దొరికింది. ఆ పెద్దమనిషి పోట్లాటకి రాలేదు. ఇంకో ఫ్యాను పట్టుకొచ్చాడు.

అలాంటి ఇంట్లో మా అక్క విరగ్గొట్టడం పనిగా పెట్టుకుంది.

కోపం వచ్చి కాదు. చెంచా ఒకటి తీసుకుని, దాని మెడ దగ్గర ఇటూ అటూ వంచుతూ ఇల్లంతా తిరిగేది. విరిగాక ముక్కలు రెండూ కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, విరిగిన చోటు వెలుగులో తిప్పి తిప్పి చూసేది. అమ్మ కేకలేస్తే, "ఎప్పుడు విరుగుతుందో ముందే చెప్దామనుకున్నానమ్మా, తప్పింది. ఇంకోటి ఇవ్వు" అనేది. నాన్న కిక్కురుమనకుండా ఆ ముక్కల్ని అతికించి మళ్ళీ వంటింట్లో పడేసేవాడు. మా ఇంటికి ఎవరైనా భోజనానికొస్తే, నడుముకి శస్త్రచికిత్స జరగని చెంచా వెతికి ఇవ్వడమే పెద్ద మర్యాద.

నేనూ ఇంజనీరింగ్ చదివాను. పూర్తి చెయ్యలేదని గిట్టనివాళ్ళంటారు. నాకు కావలసినంత చదివి లేచొచ్చాను, అంతే. నేను కాలేజీ వదిలిన రోజు ప్రిన్సిపాల్ స్వయంగా గేటు దాకా వచ్చాడు. సాగనంపడానికొచ్చాడో, నేను బయటికి పోగానే గేటు వేయించడానికొచ్చాడో ఆయన్నే అడగాలి. ఇప్పుడు నాన్న షాపులో కూర్చుని, వచ్చినవాళ్ళకి వాళ్ళ మిక్సీ ఎందుకు చచ్చిపోయిందో కథలుగా చెప్తుంటాను. బాగుచేసేది నాన్నే. కానీ సగంమంది కథ కోసమే వస్తారు.

అక్క నాలా కాదు. మొదలుపెట్టింది వదలదు. డిగ్రీ అయింది, మాస్టర్స్ అయింది, ఒక కాలేజీలో పాఠాలు చెప్పింది, మధ్యలో బావని పెళ్ళి చేసుకుంది. బావకి మందుల షాపు. ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్రపోతాడు, నిలబడి కూడా పోగలడు. అక్కేమో పళ్ళు తోముకుంటూ వీధి చివరి దాకా వెళ్ళొస్తుంది. ఫోనులో మాట్లాడుతూ మెట్లెక్కి దిగుతుంటే అవతలివాళ్ళకి ఆయాసం వస్తుంది. వీళ్ళ కాపురం చూసినవాళ్ళు ఒకే గడియారంలో పెద్దముల్లూ, కదలని డబ్బానూ అంటారు.

ఒకరోజు ఉన్నట్టుండి డాక్టరేట్ చేస్తానంది.

బావ అప్పుడు మెలకువగానే ఉన్నాడు, దురదృష్టం. "డాక్టరు అయితే నా షాపుకి పనికొస్తావు" అన్నాడు.

"ఇంజనీరింగులో డాక్టరేట్. మందు చీటీలు రాయను."

"మరి ఏం రాస్తావు?"

"ఉక్కు ఎప్పుడు విరుగుతుందో రాస్తాను."

బావ నా వంక చూశాడు. "ఇదేమన్నా నయమయ్యేదేనా?" అన్నాడు. "నా అనుభవంలో కాదు బావా" అన్నాను.

డాక్టరేట్ అంటే లావుపాటి పుస్తకం ఒకటి రాసి ఇచ్చేస్తే, పేరు ముందు రెండక్షరాలు తగిలిస్తారనుకునేవాణ్ణి. అది కాదు. ముందు మాస్టర్స్ మార్కులు చూస్తారు. అవి బాగున్నా నమ్మరు, రాత పరీక్ష పెడతారు. అందులో గట్టెక్కితే ఇంటర్వ్యూ. సీటిచ్చాక మళ్ళీ క్లాసులో కూర్చోబెడతారు. అక్క తన దగ్గర చదువుకున్న పిల్లల పక్కనే బెంచీ మీద కూర్చుంది, వాళ్ళు ఆమెని చూసి లేచి నిలబడేవాళ్ళు, ఆమె వాళ్ళని చూసి లేచేది, క్లాసు ఎవరు చెప్పాలో పంతులుకి తెలిసేది కాదట. తర్వాత కాంప్రహెన్సివ్ అని ఒకటుంది. చదివిందంతా కలిపి అడుగుతారు, ఏ మూల నుంచైనా. అదీ అయ్యాక ఏం పరిశోధన చేస్తావో ఒక కమిటీ ముందు ఒప్పించాలి. ఫలితాలు పత్రికల్లో రావాలి, మొదటి ఏడాది పిల్లలకి ల్యాబులు చెప్పాలి, వాళ్ళ పరీక్షలకి కాపలా కాయాలి. అంతా అయ్యాక ఆఖరి సెమినార్. కమిటీ సరేనంటేనే పుస్తకం కట్టుకోనిస్తారు. ఇదంతా గడువులోపల. గడువు దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. రద్దయితే రాత పరీక్ష దగ్గర్నించి మళ్ళీ మొదలు.

నేను వదిలేసిన చదువు ఇంత పెద్దదని తెలిసి నా మీద నాకే గౌరవం పెరిగింది.

ఇక ఆమె యంత్రం సంగతి చెప్పాలి. వేలంత లావు ఉక్కు కడ్డీ, నడుము దగ్గర సన్నగా చెక్కి, అద్దంలా మెరిసేలా పాలిష్ పట్టింది. దాన్ని ఒక మోటారుకి బిగించి, రెండో కొసకి బరువు వేలాడదీస్తారు. మోటారు తిరుగుతుంటే కడ్డీ తిరుగుతుంది. బరువు కిందికి లాగుతుంటే, తిరిగిన ప్రతిసారీ కంటికి కనపడనంత వంగుతుంది. తిరిగి తిరిగి, వంగి వంగి, ఒకానొక క్షణంలో ఠప్పున విరుగుతుంది. బరువు పడి స్విచ్చి మీద తగులుతుంది, మోటారు దానంతటదే ఆగుతుంది. ఎన్నిసార్లు తిరిగాక విరిగిందో పక్కన మీటరు చూపిస్తుంది. అదే ఆమెకి కావలసిన జవాబు.

బరువు ఎక్కువేస్తే తొందరగా విరుగుతుంది. తక్కువేస్తే వారాలకి వారాలు తిరుగుతుంది. ఆ వారాల్లో దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఆపకూడదు, బిగించకూడదు, తుడవకూడదు. ముట్టుకుంటే లెక్కలోకి రాదు.

మిగతా కడ్డీలన్నీ విరిగిపోయాయి. అన్నిటికంటే తక్కువ బరువు మోసేది ఒక్కటే మిగిలింది. ఆఖరి సెమినార్ దగ్గర పడుతోంది. గడువు ఒకసారి పొడిగించారు, రెండోసారి లేదన్నారు. ఆ కడ్డీ విరిగితే సెమినార్, సెమినార్ అయితే డాక్టరేట్. అది మాత్రం తిరుగుతూనే ఉంది. అక్క కాలుగాలిన పిల్లిలా దాని చుట్టూ తిరుగుతోంది. ఎవరు ముందు ఆగుతారో చూద్దామని బావ నాతో పందెం కాయబోయాడు. అక్క విన్నది. ఆ పూట బావ హోటల్లో తిన్నాడు.

అప్పుడే మొదటి ఏడాది పరీక్షలొచ్చాయి. కాపలాకి వెళ్ళక తప్పదు, అదీ నియమమే. పగటిపూట నడిచే యంత్రం దగ్గర మనిషి లేకుండా ఉండకూడదన్నది ల్యాబు నియమం. ల్యాబు అటెండరు సెలవులో ఉన్నాడు. అక్క షాపుకొచ్చి, ఒక విరిగిన కుర్చీ పట్టుకుని ఊపుతూ అడిగింది.

"నాన్నా, నా పరీక్షల కాపలా అయ్యే దాకా మధ్యాహ్నాలు వచ్చి కూర్చుంటావా? ఉదయం వీడు కూర్చుంటాడు."

"ఏం చెయ్యాలమ్మా?"

"ఏమీ చెయ్యకూడదు."

"పొగొస్తే?"

"పొగొస్తే ఆ ఎర్ర స్విచ్చి. ఇంకేమొచ్చినా నన్ను పిలవడమే. చెయ్యి పెట్టకూడదు నాన్నా."

"నాకు తెలీదా?" అన్నాడు నాన్న. నొచ్చుకున్నాడు కూడా. నలభై ఏళ్ళుగా యంత్రాల మధ్య బతికిన మనిషికి ముట్టుకోవద్దని చెప్తే ఎలా ఉంటుంది.

ఏమీ చెయ్యకుండా కూర్చోవడంలో నాకు సాటి వచ్చేవాడు ఇంకా పుట్టలేదు. నా వంతులో ఆ యంత్రం వంక కన్నెత్తి కూడా చూడలేదు, చూపు తగిలి కదుల్తుందేమోనని. నాన్న కూడా బాగానే ఉన్నాడు మొదట్లో. మడతకుర్చీలో కూర్చుని చేతులు తొడల కింద పెట్టుకునేవాడు. యంత్రం మోత వింటూ, "దీని కుడి బేరింగు కొంచెం గొణుగుతోందిరా" అనేవాడు. "గొణగనీ నాన్నా, దాని ఇష్టం" అనేవాణ్ణి.

ఆ రోజు సాయంత్రం నేను ఆయన్ని ఇంటికి తీసుకెళ్దామని వెళ్ళాను. నాన్న గుడ్డతో చేతులు తుడుచుకుంటున్నాడు. ముఖం వెలిగిపోతోంది. చెయ్యి తుడుచుకునేటప్పుడు ఆయన ముఖం అలా వెలిగిందంటే ఏదో బాగైందని అర్థం.

"ఏం చేశావు నాన్నా?"

"ఉన్నట్టుండి వణుకు మొదలైందిరా. కుర్చీ కూడా అదిరింది. చూస్తే కుడి బేరింగు నట్టు వదులు. ఒక్క నిమిషం ఆపి బిగించాను. ఆ సన్న కడ్డీ మరీ ఎండిపోయినట్టుంటే చుక్క నూనె రాశాను. మళ్ళీ వేశాను. విను, ఎంత మెత్తగా తిరుగుతోందో."

నేను విన్నాను. నిజంగానే మెత్తగా తిరుగుతోంది.

ఆ వణుకు అక్కకి కావలసిందే. పగులు పుట్టి పెరిగితే, కడ్డీ అలా వణుకుతుంది. ఇన్ని వారాలుగా ఆమె చెవులు రిక్కించుకుని ఎదురుచూసింది ఆ వణుకు కోసమే. నాన్నకి అది జబ్బులా వినిపించింది. మా వంశంలో ఎవరికైనా అలాగే వినిపిస్తుంది. వణుకుతున్న యంత్రాన్ని వదిలేసి కూర్చోవడం మావాళ్ళకి ఏడుస్తున్న పిల్లని వదిలేసినట్టే.

అక్క వచ్చేలోపే ఠప్పుమంది. బరువు పడింది. మోటారు ఆగిపోయింది. నాన్న ఉలిక్కిపడి లేచి, "నేను బిగించింది గట్టిగానే కదరా" అన్నాడు.

అక్క వరండాలో ఉండగానే నిశ్శబ్దం విన్నట్టుంది, పరుగెత్తుకుంటూ వచ్చింది. మీటరు చూసింది. ముఖం విప్పారింది. నాన్న వైపు తిరిగి ఏదో అనబోయింది. ఆయన చేతిలో గుడ్డ చూసింది.

చెప్పాడు నాన్న. దాచే మనిషి కాదు. చెప్తుండగానే తానేం చేశాడో ఆయనకి కొద్దికొద్దిగా తెలిసొచ్చింది, గుడ్డ బల్ల మీద పెట్టేశాడు.

అక్క తిడుతుందని నేను పక్కకి జరిగాను. ఆమె తిట్టలేదు. ఆ బ్యాచి ఉక్కులో వాడని కడ్డీ ఇంకొక్కటి మిగిలుంటే, దాన్ని తీసి, కొలిచి, బిగించి, అదే బరువు తగిలించి, పరిశోధన చేయించే గైడు మేడమ్‌కి ఫోన్ చేసి పిలిపించి, ల్యాబు పుస్తకంలో ఆవిడ సంతకం తీసుకుని మోటారు వేసింది. వేసి, వరండాలోకి వెళ్ళి ఆ చివర నుంచి ఈ చివరికి నడవడం మొదలుపెట్టింది. నాన్న స్కూటరు వెనక కూర్చుని దారంతా నా భుజం పట్టుకునే ఉన్నాడు.

మర్నాడు వాళ్ళింట్లో బావ పంచాయితీ పెట్టాడు.

"మీటరు మీద సంఖ్య ఉంది కదా. నట్టు బిగించిన సంగతి మన నలుగురికే తెలుసు. నట్టు బిగిస్తే ఉక్కుకేం తెలుస్తుంది?"

"తెలిసిపోయింది" అంది అక్క. విరిగిన ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి తీసిన ఫొటో ఆయన ముందు పడేసింది. విరిగిన చోట అలలు వచ్చి వెళ్ళిన ఇసకలా గీతలు. వాటి మధ్య ఒకటి మాత్రం నల్లగా, స్పష్టంగా ఉంది. "యంత్రం ఆగిన చోటు ఇది. ఆగినప్పుడు పగులులోకి నూనె దిగింది."

బావ ఫొటోని దూరంగా, దగ్గరగా పెట్టి చూశాడు. "నాకైతే గచ్చు మీద టీ ఒలికినట్టుంది. కమిటీ వాళ్ళు ఇంత సూక్ష్మంగా చూస్తారా?"

"చూడకపోవచ్చు."

"మరింకేం? మహా అయితే ఎంత తేడా వస్తుంది?"

"అదే తెలీదు. తెలీని దాన్ని తెలుసని రాయమంటావా?"

"నేనేం అనలేదు తల్లీ. నేను నిద్రపోతున్నాను" అని బావ కళ్ళు మూసుకున్నాడు. కానీ ఆ రోజు ఆయనకి నిద్ర పట్టలేదు. నేను పక్కనే కూర్చుని చూశాను, ఇలాంటి వింత మళ్ళీ చూడబోను.

అక్క గైడు నెమ్మదస్తురాలు. ఫొటో చూసి చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంది. "ఈ కడ్డీ లెక్కలో లేకపోతే నీ సెమినార్ నిలబడదు. కొత్తది గడువులోపల విరుగుతుందన్న నమ్మకం లేదు. చెప్పమని నేను అనను, మానమనీ అనను. నీ పేరు మీద వెళ్ళే పుస్తకం" అందట. ఇలా చెప్పడానికే గైడు కావాలంటే నేనూ చెప్పేవాణ్ణి కదా అన్నాను. అక్క నవ్వలేదు. ఆ వారం ఆమె ఇంట్లో తలుపులన్నీ తీసి వేసి, తీసి వేసి, ఒక తలుపు బందు ఊడదీసింది. నాన్న వెళ్ళి బిగించలేదు. నన్ను పంపాడు. ల్యాబులో మధ్యాహ్నం వంతు కూడా నాకే వదిలేశాడు.

సెమినార్ రోజు రానే వచ్చింది. కొత్త కడ్డీ ఇంకా తిరుగుతూనే ఉంది. సెమినార్‌కి ఎవరైనా రావచ్చంటే నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. కాలేజీల వెనక బెంచీలకి నేనంటే ఒక అభిమానం. నాన్న లోపలికి రానని వరండాలో నిలబడ్డాడు.

అక్క బోర్డు ముందు అటూ ఇటూ నడుస్తూ చెప్పింది. బల్ల దగ్గర కమిటీ వాళ్ళ తలలు ఆమెతో పాటే ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. తక్కువ బరువు కడ్డీల దగ్గరికి రాగానే ఆగింది. కదలకుండా నిలబడింది.

"ఈ ఆఖరి దాన్ని నేను లెక్కలో వెయ్యడం లేదు. విరగడానికి కాసేపటి ముందు యంత్రాన్ని ఆపారు. నట్టు బిగించి, కడ్డీకి నూనె రాశారు" అంది. నల్లగీత ఫొటో తెర మీద వేసింది.

కమిటీలో బయటి కాలేజీ నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ముందుకి వంగారు. "ఎవరు ఆపారు?"

"కాపలాకి కూర్చున్న మనిషి సార్."

"ల్యాబు అటెండరా?"

"కాదు సార్. మా నాన్న."

గదిలో ఎవరో దగ్గారు. "ఆయనకి ఏం చెప్పి కూర్చోబెట్టావు?" అన్నారు పెద్దాయన.

"ముట్టుకోవద్దని చెప్పాను. వణుకు వస్తుందని చెప్పలేదు. అది మంచి గుర్తని చెప్పలేదు. చెప్పాల్సింది నేనే."

వరండాలో నాన్న వీపు కనిపిస్తోంది నాకు. విన్నాడో లేదో తెలీదు.

అందరినీ బయటికి పంపి కమిటీ లోపల మాట్లాడుకుంది. అంతసేపూ అక్క వరండాలో నడిచింది. నాన్న ఆమె వెనకే నడిచాడు. ఎంత దూరం నడిచారంటే, రోడ్డు మీదైతే పక్క జిల్లా వచ్చేసేది. చివరికి గైడు తలుపు తీసి పిలిచింది. అక్క లోపలికెళ్ళి కాసేపటికి బయటికొచ్చింది. నవ్వులేదు, ఏడుపులేదు.

"ఏమన్నారమ్మా?" అన్నాడు నాన్న.

"సెమినార్ ఒప్పుకోలేదు. తిప్పికొట్టనూ లేదు. గడువు నాటికి యంత్రం మీద పరీక్ష నడుస్తుంటే, అది ముగిసే దాకా ఆగొచ్చని రూలుందట. మనం వేసింది గైడు సంతకంతో నడుస్తోంది కదా. అది విరిగే దాకా ఆగుతారు. విరిగాక వచ్చి మళ్ళీ చెప్పమన్నారు. ఈసారి ఎవరైనా చెయ్యి పెడితే మాత్రం రిజిస్ట్రేషన్ రద్దు."

"అది ఎప్పుడు విరుగుతుంది?"

"తెలీదు నాన్నా. తెలిస్తే ఈ చదువు ఎందుకు?"

నాన్న తల ఊపాడు. "అటెండరు వచ్చాడా?" అని అడిగాడు.

"లేదు, సెలవు పొడిగించాడు. నాకింకా పరీక్షల కాపలా ఉంది." అక్క ఆయన వంక చూసింది. "మధ్యాహ్నాలు వస్తావా?"

ఎప్పుడూ ఆలోచించకుండా యంత్రాల మీద చెయ్యేసే మనిషి అరచేతులు ఒకసారి చూసుకున్నాడు. "వణుకు ఎలా ఉంటుందో సరిగ్గా చెప్పు" అన్నాడు. అక్క ఆయన్ని ల్యాబులోకి తీసుకెళ్ళి చెప్పింది. మొదట మోత ఎలా బరువెక్కుతుందో, ఆ తర్వాత బల్ల ఎలా అదురుతుందో, వేళ్ళతో చెక్క మీద కొట్టి వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

ఇది ఆ ల్యాబులోనే కూర్చుని రాస్తున్నాను. ఇవాళ ఉదయం వంతు నాది. మధ్యాహ్నం అయినా నేను వెళ్ళలేదు, రాసేది పూర్తి కాలేదని. నాన్న వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. స్పానర్లు ఇంట్లో పెట్టి వచ్చాడు, జేబులు తిరగేసి మరీ చూపించాడు.

ఇప్పుడే నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"విన్నావా?"

నాకేమీ వినిపించలేదు. తర్వాత వినిపించింది. మోత కొంచెం బరువెక్కింది. బల్ల మీద నా పెన్ను మూత దొర్లుతోంది.

"పరుగెత్తు. అక్కని పిలువు" అన్నాడు నాన్న. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒకదాన్ని ఒకటి గట్టిగా పట్టుకుని నిలబడ్డాడు.